తూర్పు జర్మనీ ఇసుకదారుల్లో అత్తమ్మతో

తూర్పు జర్మనీ పల్లెల మీదుగా కారవాన్‌లో తిరిగొచ్చామని చెబితే డ్రెస్డెన్‌లోని మా తెలుగువాళ్ళెవరూ ఎలా ఉందని అడగలేదు. ఏమీ కాలేదు కదా అని అడిగారు. అయింది. చాలా అయింది. అదంతా ఒకచోట రాసిపెడితే మళ్ళీ మళ్ళీ చెప్పే పని తప్పుతుందని ఇది రాస్తున్నాను. వెళ్ళాలని ఉండీ ఆగిపోయినవాళ్ళు చదివితే ఇంకా మంచిది.

ముందు మేమెవరమో చెప్పాలి. నాది ఖమ్మం. ఇక్కడ చిప్పులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరును. మావారు శ్రీకాంత్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా పాప నీహ ఇక్కడే పుట్టింది, మూడో క్లాసు చదువుతోంది. మా అత్తమ్మ రాజమణి హనుమకొండలో ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యారు. వేసవికి మా దగ్గరికి వచ్చారు.

ఆమె రావడానికి కొన్నాళ్ళ ముందు, ట్రామ్‌లో నేనూ నీహా తెలుగులో ఏదో మాట్లాడుకుంటుంటే ఒకాయన లేచి మా సీటు దగ్గరికొచ్చాడు. ఇది జర్మనీ, ఇక్కడ జర్మన్ మాట్లాడండి, లేకపోతే వచ్చినచోటికే పొండి అన్నాడు. ట్రామ్ నిండా జనం ఉన్నారు. అందరికీ ఒక్కసారిగా ఫోన్లలో పనిపడింది. మేం తర్వాతి స్టాపులో దిగిపోయాం. అది మా స్టాపు కాదు.

అప్పటినుంచి నీహ గడప దాటితే తెలుగు మాట్లాడటం మానేసింది. నేను మాట్లాడితే నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కేది. శ్రీకాంత్ మ్యూనిక్‌లో ఉద్యోగం వెతుక్కున్నాడు, దొరికింది కూడా. సెలవులు అయ్యేలోపు ఆ కంపెనీకి వస్తాడో రాడో చెప్పాలి. నాకు మ్యూనిక్ అంటే కోపమేమీ లేదు. నచ్చి వెళ్ళడం వేరు, తరిమితే వెళ్ళడం వేరు. ఆ రెండోదే నాకు గొంతు దిగలేదు.

అందుకే ఇటలీకి అనుకున్న సెలవును నేను ఈ తూర్పు పల్లెలకే తిప్పాను. మనలాంటివాళ్ళను ఏ ఊళ్ళకు పోవద్దంటారో ఆ ఊళ్ళ మీదుగానే వెళ్దాం, చూసొచ్చాక నిర్ణయిద్దాం అన్నాను. శ్రీకాంత్ ఒప్పుకోలేదు. ఆఫీసులో రిలీజ్ ఉందన్నాడు, పాపను తీసుకుని అలాంటిచోటికి ఎవరైనా పోతారా అన్నాడు. మేం వాదించుకుంటుంటే అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నారు. చివరికి నావైపు తిరిగి, "బండి నువ్వు తోలుతవా?" అని అడిగారు. తోలుతానన్నాను.

"అయితే నేనొస్త. పొల్లను కూడ తోలుకపోదాం."

ఉవే గారి బండి

కారవాన్ మాది కాదు. మా ఫ్యాక్టరీలో చేసి రిటైరైన ఉవే అనే ఆయనది. నా మామూలు లైసెన్సుకు సరిపోయేంత చిన్నది, పాతది. లోపల రెండు పడకలు, ఒక గ్యాస్ పొయ్యి, మడిచే బల్ల. ఆదివారం మూసి ఉన్న సూపర్‌మార్కెట్ పార్కింగులో ఆయన నాకు వెనక్కి నడపడం నేర్పించాడు. కారవాన్ కుడికి పోవాలంటే స్టీరింగ్ ఎడమకు తిప్పాలి. నేను తిప్పినప్పుడల్లా బండి పాములా మెలికపడింది. ఆయన విసుక్కోలేదు. ఆ వైపు పల్లెల్లో మావాళ్ళు ఎలా ఉంటారో తెలుసా అని మాత్రం ఒకసారి అడిగాడు. తెలుసుకోవడానికే వెళ్తున్నానన్నాను.

అత్తమ్మ వంటసామాను సర్దారు. చింతపండు, ఎండుమిర్చి, కందిపప్పు, పెసరపప్పు, సోనా మసూరి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఇనుప మూకుడు.

గనుల అంచున

డ్రెస్డెన్ నుంచి ఉత్తరానికి వెళ్తే లౌసిట్స్ ప్రాంతం వస్తుంది. నేల కింద గోధుమరంగు బొగ్గు. దానికోసం తవ్విన గోతులు కొన్ని ఇప్పుడు చెరువులయ్యాయి, కొన్ని ఇంకా తవ్వుతూనే ఉన్నారు. ఒక గని అంచున కట్టిన చెక్కమంచె ఎక్కి చూశాం. కనుచూపుమేర పచ్చగడ్డి మొలవని బూడిదరంగు నేల. అడుగున యంత్రాలు చీమల్లా కదులుతున్నాయి. అత్తమ్మ రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు చూశారు. భూపాలపల్లి రూటులో చేసినప్పుడు ఇలాంటి గోతులు బస్సు కిటికీలోంచి చూసేవారట. ఇక్కడ ఊళ్ళు లేవా అని అడిగారు. ఉండేవి, తీసేశారన్నాను. అక్కడా అంతే అన్నారు.

ఆ వైపు ఊరి బోర్డుల మీద రెండు పేర్లుంటాయి. పైన జర్మన్, కింద సోర్బ్ భాష. జర్మన్లు రాకముందునుంచీ అక్కడున్న స్లావు జనం వాళ్ళు. రోడ్డు పక్కన దోసకాయ ఊరగాయలు అమ్మే హాంకా అనే ఆవిడ ఆ జనంలో మనిషే. పీపాల్లో ఊరిన చిన్న దోసకాయలు ఒక్కోటి డెబ్బై సెంట్లు. సోయకూర లాంటి ఆకేదో వేసి ఉప్పునీళ్ళలో ఊరబెడతారు. అత్తమ్మ ఒకటి కొరికి, కారం లేకుండా ఇదేం ఊరగాయ అని నాతో అన్నారు, కానీ ఇంకోటి తీసుకున్నారు. మధ్యాహ్నం హాంకా మాకు ఉడికించిన ఆలుగడ్డలు, గట్టి పెరుగు, పైన అవిసె నూనె పోసి పెట్టింది. అవిసెల పొడి మా ఇంట్లో ప్రతి చలికాలం ఉంటుంది కానీ నూనె ఎవరూ అన్నంలో వేసుకోరు. వాసన కొంచెం పచ్చిగా, గడ్డిలా ఉంటుంది. రెండు ముద్దలు తింటే అలవాటవుతుంది.

హాంకా మనవడితో సోర్బ్ భాషలో మాట్లాడుతోంది, వాడు జర్మన్‌లో జవాబిస్తున్నాడు. అచ్చం మా ఇల్లే. నీహ వాళ్ళనే చూస్తూ ఉండి, అందరిముందు ఆ భాష మాట్లాడితే సిగ్గనిపించదా అని జర్మన్‌లో అడిగింది. నేను కంగారుపడ్డాను. హాంకా ఏమీ అనుకోలేదు. తన చిన్నప్పుడు బస్సులో ఈ భాష మాట్లాడితే జనం వెక్కిరించేవారని, అందుకే అమ్మ పిల్లలతో మాట్లాడటం మానేసిందని, తాను పెళ్ళయ్యాక సాయంత్రం క్లాసులకు వెళ్ళి అమ్మ భాషను డబ్బు కట్టి నేర్చుకోవాల్సి వచ్చిందని చెప్పింది. "దానికన్నా సిగ్గు ఇంకేముంటుంది?" అని నవ్వింది. నీహ నవ్వలేదు. కారెక్కాక కూడా ఆలోచిస్తూనే ఉంది.

ఇసుక

జర్మనీలో ఎడారి ఉందంటే మీరు నమ్మరు. లీబెరోజె దగ్గర అడవి మధ్యలో ఉంది. ఒకప్పుడు సోవియట్ సైన్యం అక్కడ ట్యాంకులు తోలి తోలి నేలను పిండి చేసింది. సైన్యం వెళ్ళిపోయింది, ఇసుక మిగిలింది. మైదానం నిండా తెల్లటి ఇసుక, ఊదారంగు పొదలు, దూరంగా పైన్ చెట్ల గీత. పాత మందుగుండు ఇంకా ఉందని, దారి తప్పి అడుగు పెట్టొద్దని బోర్డులున్నాయి.

మేం దారి తప్పలేదు. పార్కింగ్ అనుకుని నేను తిప్పిన చోటు పార్కింగ్ కాదు, అంతే. కారు గట్టినేల మీదే ఆగింది. వెనక కారవాన్ చక్రాలు ఇసుకలో సగందాకా దిగిపోయాయి. ఫోన్‌లో సిగ్నల్ లేదు. కారు ఎంత గుంజితే చక్రాలు అంత లోపలికి పోతున్నాయి.

అప్పుడు ఒక జీపు వచ్చి ఆగింది. అరవై దాటినాయన, అడవి బూట్లు. దిగి మా చుట్టూ ఒకసారి తిరిగి, కారవాన్ నడపడం ఆడవాళ్ళ ఆట కాదని, అందులోనూ ఇక్కడి రోడ్లు తెలియనివాళ్ళు రాకూడదని అన్నాడు. సిగ్నల్ ఉన్నచోటికి వెళ్ళి లాగే బండిని పిలిపిస్తాను, ఖర్చు మాత్రం బాగా అవుతుంది అన్నాడు. ఆయన ఏమంటున్నాడని అత్తమ్మ అడిగారు. చెప్పాను. అత్తమ్మ చీరకొంగు నడుముకు దోపారు.

"మేడారం జాతరల బురదల దిగిన బస్సును తీసినం మేము. ఇదెంత? ఆయన్ను జర పక్కకు నిలబడమను," అన్నారు.

నేను అన్నది అన్నట్టే జర్మన్‌లో చెప్పాను. ఆయన నిజంగానే పక్కకు నిలబడ్డాడు. నాకు తెలిసిన పని నేను చేశాను: కారవాన్ చక్రాల్లో గాలి కొంత తీసేశాను, అప్పుడు టైరు వెడల్పై ఇసుక మీద పరుచుకుంటుంది. నీహ, అత్తమ్మ చేతులతో ఇసుక తోడి, కార్లోని రబ్బరు మ్యాట్లు, కారవాన్ గుమ్మంలోని పట్టా అన్నీ చక్రాల ముందు పరిచారు. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. వెనకనుంచి అత్తమ్మ కారవాన్ గోడమీద అరచేత్తో రెండుసార్లు గట్టిగా చరిచి, "రైట్ రైట్" అన్నారు. ఆ గొంతు విని నా కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద మెల్లగా ఒత్తింది. మొదటిసారి ఆగిపోయింది. రెండోసారి మ్యాట్ ఒకటి ఎగిరి జీపుకు తగిలింది. మూడోసారి బండి పైకొచ్చింది.

ఆ పెద్దమనిషి మ్యాటు తెచ్చి దులిపి ఇచ్చాడు. బాగా చేశారన్నాడు. అంతటితో వెళ్ళిపోతే బాగుండేది. జీపెక్కుతూ, ఏదో ఒకరోజు మీ దేశం తిరిగి వెళ్ళిపోతారుగా అని, చాలా మామూలుగా, రైలు ఎన్నింటికి అన్నట్టు అడిగాడు. ఇలాంటప్పుడు నేను ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకునేదాన్ని. ఆ రోజు ఒళ్ళంతా ఇసుక.

"లేదండీ, వెళ్ళం," అన్నాను. "నా పన్నులు ఇక్కడ, నా పిల్ల బడి ఇక్కడ. మీరు అలవాటుపడాలి."

ఆయన సరే అన్నట్టు తలూపి వెళ్ళిపోయాడు. అలవాటుపడతాడో లేదో నాకు తెలియదు. పక్క ఊరి పెట్రోల్ బంకులో చక్రాలకు మళ్ళీ గాలి కొట్టించుకుని ముందుకే సాగాం.

బస్సు రాని స్టాపులు

అక్కణ్ణుంచి ఓడర్ నది పక్కగా ఉత్తరానికి వెళ్తే అంతా మైదానం. గోధుమ, పొద్దుతిరుగుడు, గాలిమరలు, మళ్ళీ గోధుమ. పది నిమిషాలకో ఊరు, ఊరికో చర్చి, మూసేసిన కొట్టు, వీధిలో ఒక్క మనిషీ ఉండడు. వెనక్కి చూస్తే అద్దంలో కార్ల వరుస, ఎందుకంటే మేం ఎనభై దాటకూడదు. ఒక్కడు కూడా హారన్ కొట్టడు. హారన్ లేని కోపం ఎలా ఉంటుందో ఆ అద్దంలో చూడాలి.

అత్తమ్మ ప్రతి బస్టాపు దగ్గరా ఆపమనేవారు. టైంటేబుల్ నాతో చదివించుకునేవారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, అదీ బడి ఉన్న రోజుల్లోనే. సెలవుల్లో లేదు. ఆవిడకు నిజంగా బాధ కలిగింది. మా పల్లెవెలుగు తండాలకు కూడా రాత్రి నైట్‌హాల్ట్ పోయేది, ఇంత సంపన్నమైన దేశంలో ముసలివాళ్ళు దవాఖానకు ఎట్ల పోతరు అని దారంతా అంటూనే ఉన్నారు. ఈ ఊళ్ళవాళ్ళకు కోపమెందుకని నాకు చాలామంది చాలా రకాలుగా వివరించారు. బస్టాపు ముందు నిలబడినప్పుడు కొంత అర్థమైంది. అర్థమైనంత మాత్రాన వాళ్ళ కోపాన్ని నా పిల్ల మొయ్యాల్సిన పనిలేదు.

ఇళ్ళ ముందు చిన్న చెక్కపెట్టెల్లో గుడ్లు, ఆలుగడ్డలు, పూలు పెట్టి అమ్ముతారు. మనిషి ఉండడు. పక్కన డబ్బులేసే డబ్బా. పది గుడ్లు మూడున్నర యూరోలు. ఎవరూ ఎత్తుకుపోరా అని అత్తమ్మ ఆశ్చర్యపోయారు. ఎత్తుకుపోరు. ముక్కూ మొహం తెలియనివాళ్ళను గుడ్ల విషయంలో ఇంతగా నమ్మే ఊళ్ళు ఇవి.

గేటు

ఉకర్‌మార్క్ ప్రాంతంలో ఒక చెరువు పక్కన చిన్న క్యాంపింగ్ స్థలానికి సాయంత్రం చేరాం. ఊరి పేరు రాయను. గేటు దగ్గర బోర్డు మీద ఖాళీలున్నాయని రాసి ఉంది. లోపల గడ్డిమీద సగం చోట్లు ఖాళీగా కనిపిస్తున్నాయి. గదిలోంచి వచ్చినాయన మా ముగ్గుర్నీ చూసి, నిండిపోయాయి అన్నాడు.

బోర్డు చూపించాను. మార్చడం మర్చిపోయామన్నాడు. ఆ గడ్డి మీదివి ఎవరివి అన్నాను. బుక్ అయ్యాయన్నాడు. ఇంతలో మా వెనకే ఒక క్యాంపర్ వచ్చింది, పోలిష్ సరిహద్దు వైపునుంచి వస్తున్న ఒక జర్మన్ జంట. బుకింగ్ లేదన్నారు. వాళ్ళను లోపలికి పంపాడు, నా కళ్ళముందే.

నీహ కారులోంచి చూస్తోంది. నేను కదల్లేదు.

"కారణం చెప్పండి," అన్నాను. "రాసివ్వక్కర్లేదు. నోటితో చెప్పండి, నా కూతురు వింటుంది."

ఆయన చెప్పలేదు. నిండిపోయాయి అని మళ్ళీ అన్నాడు, ఈసారి నా మొహం చూడకుండా. ఆయన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

పక్క ఊళ్ళో ఇంకో స్థలం ఉంది. అక్కడికి వెళ్ళిపోవచ్చు. కానీ నేను అలసిపోయాను, ఇక్కడి చట్టం ప్రకారం అలసిన డ్రైవరు రోడ్డు పక్క పార్కింగులో ఒక రాత్రి పడుకోవచ్చు. కుర్చీలు, బల్లలు బయట వేయకూడదు, కారవాన్‌కున్న గుడ్డ పందిరి దించకూడదు, అంతే. గేటుకు వంద గజాల్లో చర్చి ముందు పార్కింగ్ ఉంది. బండి తీసుకెళ్ళి అక్కడే ఆపాను.

కుర్చీ

అత్తమ్మ లోపల పెసరపప్పు పొంగలి చేశారు. గుమ్మంలో కూర్చుని తింటున్నాం. ఇంకా ఎండ ఉంది. ఎదురిళ్ళ కిటికీ తెరలు కదులుతున్నాయి, ఎవరూ బయటికి రాలేదు. కాసేపటికి పోలీసు కారు వచ్చింది. ఎవరో ఫోన్ చేశారట. కుర్ర పోలీసు లైసెన్సు చూశాడు, కాగితాలు చూశాడు, ఇక్కడ క్యాంపింగ్ కుదరదు అన్నాడు. క్యాంపింగ్ కాదు, అలసట అన్నాను.

అప్పుడు ఎదురింటి గేటు తెరుచుకుంది. ఎనభై ఏళ్ళావిడ ఒకరు వంటింటి కుర్చీ ఈడ్చుకుంటూ రోడ్డు దాటి వచ్చి, మా గుమ్మం పక్కన వేసుకుని కూర్చున్నారు.

"ఎర్నా గారూ, కుర్చీ ఎవరిది?" అని పోలీసు అడిగాడు. ఆవిడకు చెముడు. రెండోసారి అరవాల్సి వచ్చింది.

"నాది."

"మీరు క్యాంపింగ్ చేస్తున్నారా?"

"నేను కూర్చున్నాను. నీకు అభ్యంతరమా?"

అతను నవ్వు ఆపుకుని, పొద్దున్నే బయలుదేరండి అని నాకు చెప్పి వెళ్ళిపోయాడు.

ఎర్నా పొద్దు గూకేదాకా కదల్లేదు. గేటు దగ్గర ఏం జరిగిందో కిటికీలోంచి చూశారట. దాని గురించి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఊరికి కనిపించేట్టు కూర్చున్నారు, అంతే. అత్తమ్మ గిన్నెలో పొంగలి పెట్టి ఇచ్చారు. ఎర్నా మిరియం కొరికి కళ్ళు తుడుచుకుని, ఇంకొంచెం పెట్టమన్నారు. ఇద్దరికీ బోలెడు అడగాలని ఉంది. ఒకరి భాష ఒకరికి రాదు. నేను గిన్నెలు కడుగుతున్నాను. నీహ మధ్యలో చేరింది. ఎర్నాకు వినబడాలంటే గొంతెత్తి అరవాలి. అరిచి, అదే గొంతుతో అత్తమ్మ వైపు తిరిగేది.

"నానమ్మా, ఈమె కూడా బస్సులో పనిచేసిందంట! డ్రైవరంట! నీకు ఏ రూటు అని అడుగుతుంది!"

చర్చి గోడకు తగిలి ఆ తెలుగు ఊరంతా మోగింది. నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. అత్తమ్మ నావైపు చూడలేదు, నేను ఏడుస్తానని తెలుసు కాబట్టి. హనుమకొండ నుంచి ఏటూరునాగారం అని చెప్పు, అడవిల నుంచి పోతది అని చెప్పు అన్నారు. నీహ అరిచి చెప్పింది. ఆ సాయంత్రం రెండు భాషల ఊళ్ళ పేర్లు ఆ పార్కింగులో అరుపుల్లో వినిపించాయి. తెర వెనక ఉన్నవాళ్ళు కూడా విని ఉంటారు. వినాలి కూడా.

శ్రీకాంత్ రాక

మర్నాడు మెక్లెన్‌బుర్గ్ చెరువుల దగ్గరికి చేరాక శ్రీకాంత్‌కు ఫోన్‌లో అంతా చెప్పాను. వెంటనే వెనక్కి వచ్చేయండి, నేను ముందే చెప్పానా లేదా అన్నాడు. అత్తమ్మ ఫోన్ తీసుకున్నారు.

"మేమెందుకు వస్తం? నువ్వే రా," అన్నారు.

వచ్చాడు. రిలీజ్ అయిందన్నాడు. ఒకే ఒక్క ప్లాట్‌ఫామ్ ఉన్న స్టేషన్‌లో ల్యాప్‌టాప్ బ్యాగుతో దిగాడు. మొహం వాడిపోయి ఉంది. నీహ అతన్ని చూసి స్టేషన్ అవతలినుంచి "డాడీ, ఇటు ఇటు" అని కేకేసింది. అతను ముందు చుట్టూ చూసి, తర్వాత నీహను చూశాడు. అక్కడ రెండు రోజులు తండ్రీకూతుళ్ళు ఈదారు. చేపల కొట్లో పొగబెట్టిన చేప కొని అత్తమ్మ పులుసు పెట్టబోయేలోపు మేం తినేసి ముల్లు తప్ప ఏమీ మిగల్చలేదు. తిరుగుదారి వేరే ఉంది. నేను వచ్చిన దారే పట్టాను.

ఆ గేటు ముందు ఆపితే శ్రీకాంత్‌కు అర్థమైంది. మళ్ళీ ఎందుకు, పక్క ఊళ్ళో ఇంకోటి ఉందిగా అన్నాడు. నాకు ఇక్కడే కావాలన్నాను. నువ్వు కార్లో కూర్చో అన్నాను. అతను కూర్చోలేదు, దిగి నా పక్కన నిలబడ్డాడు. గదిలోంచి వచ్చినాయన నన్ను గుర్తుపట్టాడు. ఒక రాత్రికి చోటు కావాలన్నాను, పోయినసారి ఎలా అడిగానో అలాగే. ఆయన చాలాసేపు పుస్తకంలో వేలు పెట్టి వెతికాడు. చివరికి చెత్తడబ్బాల పక్కనున్న చోటు చూపించాడు. ఇరవై రెండు యూరోలు, కరెంటు అదనం.

మగమనిషి కనిపించాడనా, ఎర్నా ఏమైనా అన్నారా, ఖాళీగా పడున్న చోట్లు చూసి ఆయనకే విసుగొచ్చిందా, నాకు తెలియదు. క్షమాపణ చెప్పలేదు. నేను ఆశించలేదు. చెత్తడబ్బాల పక్కనే కారవాన్ వెనక్కి పెట్టాను. పందిరి దించాను, బల్ల వేశాను, నాలుగు కుర్చీలూ బయట పరిచాను. పక్కవాళ్ళలో ఒకరు గుటెన్ ఆబెండ్ అని పలకరించారు, ముగ్గురు పలకరించలేదు.

పొద్దున శ్రీకాంత్ ఊళ్ళోని బేకరీకి ఒక్కడే నడిచి వెళ్ళాడు. పొమ్మని ఎవరూ చెప్పలేదు. కాగితం సంచీలో వేడివేడి బ్రోట్‌షెన్ బన్నులు తెచ్చి బల్లమీద పెట్టి, మ్యూనిక్ వాళ్ళకు మెయిల్ పంపేశానన్నాడు. రావడంలేదని రాశాడట. అత్తమ్మ టీ పోస్తూ ఆగారు. నీహ సంచీలో చెయ్యి పెట్టింది.

"నాకు భయం పోలేదు," అన్నాడు నాతో, మెల్లగా.

"నాకూ పోలేదు," అన్నాను. "కూర్చో. చల్లారకముందే తిందాం."